విలియం కేరీ గారి పన్నెండేండ్ల ఇంటి పరిచర్య



విలియం కేరీ గారి పేరు వినని తెలుగు బాప్టిస్టు కుటుంబము ఉండదు. చెప్పులు కుట్టుకొని బ్రతికిన ఒక పేదవాడు ఇండియాకు వచ్చి ఎన్నో భాషలలో బైబిలు ముద్రించాడని మనమందరము సండేస్కూలులోనే విన్నాము. ఆయన బోధకుడని, పండితుడని, మొక్కల ప్రియుడని కూడ విన్నాము. అయితే మతి చెదిరిన భార్యను పన్నెండు సంవత్సరములు ఇంటిలోనే ఉంచుకొని చూచుకొన్న భర్త అని మనలో చాలామందికి తెలియదు. ఈ సంచికలో ఆయన జీవితమును ఆ వైపు నుండి చెప్పదలచుకొన్నాము.

ఇందుకు కారణము మన ఇండ్లలోనే ఉన్నది. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన తరువాత మన పిల్లలలో చాలామంది బెంగుళూరు పనులకు పోవుచున్నారు. మారికుప్పంలో చీకటితోనే రైలెక్కినవారు రాత్రికి గాని ఇల్లు చేరరు. కొందరు అక్కడనే స్థిరపడ్డారు, మరికొందరు దూర దేశములకు వెళ్లారు. ఛాంపియన్ రీఫ్స్‌లోను, ఊరిగాంలోను, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటలలోను ఇంటికి కాపున్నది ముసలి భార్యాభర్తలే. వారిలో ఒకరికి మతిమరుపు వ్యాధి వచ్చి, కట్టుకొన్నవారినే గుర్తు పట్టలేని స్థితి ఏర్పడితే, రెండవవారు ఒంటరిగా ఆ భారము మోయుచున్నారు. బయట చెప్పుకొనుటకు సిగ్గు. చెప్పినను ఎవరు అర్థము చేసికొందురో అను సందేహము. అట్టివారికి ఈ జీవితచరిత్ర కొంత తోడుగా ఉండునని మా ఆశ.

పేదింటి పెండ్లి

కేరీ గారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైరులో పాలర్స్‌పరీ అను పల్లెటూరిలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ గారు మొదట మగ్గము నేశారు, తరువాత ఊరి బడిలో పంతులయ్యారు. విలియంకు చర్మవ్యాధి ఉండి ఎండ పడేది కాదు. పొలము పని కుదరక చెప్పులు కుట్టే పనిలో చేర్చారు.

1781 జూన్ 10న పిడింగ్టన్ గుడిలో ఆయనకు డోరతీ ప్లాకెట్ గారితో వివాహమయినది. ఆమెను మన వాడుక ప్రకారము డోరతమ్మ అని పిలుచుకొందాము. అప్పటికి కేరీ గారికి ఇరవై ఏండ్లు నిండలేదు. ఆమె ఐదేండ్లకు పైగా పెద్ద. ఆమెకు చదువు రాదు గనుక పెండ్లి రిజిష్టరులో సంతకమునకు బదులు గీత గీసి గుర్తు పెట్టారు. మొదటి బిడ్డ ఆన్ రెండేండ్ల ప్రాయములో జ్వరముతో చనిపోయినది. కేరీ గారికి కూడ జ్వరము సోకి తల వెండ్రుకలు రాలిపోయినవి. కొన్నేండ్లకు లూసీ అను ఇంకొక ఆడబిడ్డ కూడ పోయినది. ఫెలిక్స్, విలియం, పీటర్ అను ముగ్గురు మగపిల్లలు మిగిలారు.

1783 అక్టోబరు 5న కేరీ గారు నీన్ నదిలో బాప్తిస్మము పొందారు. మౌల్టన్‌లో ఒక చిన్న సంఘమునకు బోధకుడై, బడి నడుపుచు, చెప్పులు కుట్టుచు సంసారము ఈడ్చారు. 1789లో లెస్టరుకు మారారు. ఇతర దేశములకు సువార్త పంపవలెనని 1792లో ఒక చిన్న పుస్తకము వ్రాశారు. ఆ సంవత్సరము అక్టోబరు 2న కెటరింగ్‌లో కొద్దిమంది బోధకులు కూడి బాప్టిస్టు మిషనరీ సొసైటీని స్థాపించారు. ఈ సంగతులన్నియు మిషను చరిత్రలలో ఉన్నవే గనుక ఇంతటితో వదలి ఇంటిలోనికి వెళ్లుదము.

ఇష్టము లేని వలస

ఇండియాకు వెళ్లుదమని భర్త చెప్పినప్పుడు డోరతమ్మ రానన్నారు. ఆమె అప్పుడు గర్భవతి. పుట్టిన ఊరి చుట్టుప్రక్కల తప్ప మరొక లోకము చూడని స్త్రీ. ఇద్దరు బిడ్డలను మట్టికి అప్పగించిన తల్లి. నెలల తరబడి సముద్రము మీద పోయి, భాష తెలియని వేడి దేశములో కాపురము పెట్టుమంటే ఆమె భయపడుటలో వింత లేదు. అయినను కేరీ గారు తన నిర్ణయము మార్చుకొనలేదు. పెద్ద కుమారుడు ఫెలిక్స్‌ను మాత్రము వెంటబెట్టుకొని, వైద్యుడైన జాన్ థామస్ గారితో కలసి 1793 వసంతములో ఓడ ఎక్కారు.

ఈస్టిండియా కంపెనీ అనుమతి లేనందున వారిని ఆ ఓడ నుండి దింపివేశారు. ఈ ఆలస్యములో డోరతమ్మకు నాలుగవ కుమారుడు జాబెజ్ పుట్టాడు. కేరీ గారు, థామస్ గారు తిరిగి వచ్చి ఆమెను మరల అడిగారు. ఆమె మరల కాదన్నారు. దారిలోనుండి థామస్ గారు వెనుకకు వచ్చి, ఇప్పుడు రాకపోతే కుటుంబము చీలిపోవునని, ఆ తరువాత ఏడ్చి ప్రయోజనము లేదని గట్టిగా హెచ్చరించారు. ఆ మాటకు భయపడి, చెల్లెలు కిట్టీ తోడు వస్తే వస్తానని డోరతమ్మ ఒప్పుకొన్నారు. సామానంతయు హడావుడిగా సర్దుకొని, కొన్ని వారముల పసిబిడ్డను ఎత్తుకొని, 1793 జూన్ 13న డెన్మార్కు ఓడ ఎక్కారు. నవంబరు 11న కలకత్తా చేరారు.

వలస అంటే ఏమిటో మన పెద్దలకు తెలుసు. చిత్తూరు మొదలైన తెలుగు సీమల నుండి గనుల పనికి వచ్చి, లైన్లలోని చిన్న గదులలో కాపురము పెట్టిన మన అమ్మమ్మలలో ఎందరిని ఎవరు ఇష్టము అడిగారు? డోరతమ్మను తలంచుకొన్నప్పుడు మేము వారిని కూడ తలంచుకొనుచున్నాము. కేరీ గారిని గొప్పచేయుటకు కొన్ని పాత చరిత్రలు ఆమెను పరిచర్యకు అడ్డమైన భార్యగా చూపినవి. అది న్యాయము కాదు. 1992లో జేమ్స్ బెక్ గారు ఆమె జీవితముమీదనే ఒక పుస్తకము వ్రాసిన తరువాత చాలామంది ఆ అభిప్రాయమును మార్చుకొన్నారు.

బంగాళములో మొదటి రెండేండ్లు

కలకత్తాలో తెచ్చిన డబ్బు త్వరలోనే అయిపోయినది. ఒక చోట కుదురు లేదు. డోరతమ్మకును ఫెలిక్స్‌కును రక్తవిరేచనములు పట్టుకొన్నవి. 1794 ఆరంభములో సుందరవనముల అంచున దేభట్టా అను చోట నేల దున్ని బ్రతుకుదమని వెళ్లారు. పులులు తిరిగే అడవి ప్రాంతమది. అక్కడ పరిచయమైన చార్లెస్ షార్ట్ అను ఇంగ్లీషు ఉద్యోగిని చెల్లెలు కిట్టీ వివాహము చేసికొని అక్కడే ఉండిపోయినది. ఎవరి తోడు నమ్ముకొని డోరతమ్మ సముద్రము దాటారో ఆ తోడు కూడ అంతటితో తీరినది.

ఆ సంవత్సరము మధ్యలో జార్జి ఉడ్నీ గారు కేరీ గారికి మాల్దా ప్రాంతములోని మద్నాబతిలో నీలిమందు కార్ఖానా పని ఇచ్చారు. జీతము వచ్చినది, ఇల్లు వచ్చినది. కాని చిత్తడి నేల, చలిజ్వరములు. అక్టోబరులో ఐదేండ్ల పీటర్ విరేచనముల వ్యాధితో చనిపోయాడు. కుల కట్టుబాట్లకు భయపడి ఆ బిడ్డకు గొయ్యి త్రవ్వుటకు గాని, మోయుటకు గాని మనుష్యులు సులభముగా దొరకలేదు. తల్లి అప్పటికే సుమారు ఒక సంవత్సరముగా రోగముతో నలిగియున్నది. ఈ దుఃఖము తరువాత ఆమె మనస్సు మరల నిలువలేదు.

వచ్చిన వ్యాధి

1795 ఆరంభము నుండి డోరతమ్మకు భర్తమీద అనుమానము మొదలయినది. ఆయన పరస్త్రీలతో తిరుగుచున్నారని ఆమె గట్టిగా నమ్మారు. ఎంత చెప్పినను, ఎవరు చెప్పినను ఆ నమ్మకము పోలేదు. ఆయన బయలుదేరితే వెంట పడేవారు. పనివారి యెదుట, వీధిలో, స్నేహితుల యెదుట నానా మాటలు అనేవారు. ఆయన ప్రాణమునకే అపాయమైన సందర్భములు కూడ కలిగినవి. చివరకు ఆమెను గదిలో ఉంచి కాపలా పెట్టవలసి వచ్చినది. ఆ స్థితిలోనే 1796 జనవరిలో జోనాతాన్ అను కుమారుడు పుట్టాడు.

ఇది ఈనాటి డాక్టర్లు డిమెన్షియా అను మతిమరుపు వ్యాధి అని మేము చెప్పుట లేదు. డోరతమ్మ కథను పరిశీలించినవారు దీనిని భ్రమతో కూడిన మానసిక వ్యాధిగా ఎంచుచున్నారు. అయితే మతిమరుపు వ్యాధిలో కూడ ఇట్టి అనుమానములు తరచుగా వచ్చును. జర్మనీలో అలోయిస్ అల్జైమర్ అను డాక్టరు 1906లో మొదటిసారి లోకమునకు వివరించిన రోగి అగస్టే డీటర్ అను స్త్రీ. ఆమె వ్యాధిలో మొట్టమొదట బయటపడినవాటిలో ఒకటి భర్తమీద అనుమానమే. ఆ తరువాతనే మరుపు ముదిరినది. రైల్వే గుమాస్తా అయిన ఆమె భర్త ఇంటిలో చూచుకొనలేని స్థితి వచ్చి, 1901లో 51 సంవత్సరముల వయస్సులో ఆమెను ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో చేర్చాడు. గనుక యాభై ఏండ్లు కలసి కాపురము చేసిన భార్య ఒకనాడు భర్తను దొంగ అన్నను, తప్పుడు మనిషి అన్నను, అది ఆమె గుణము కాదు. అది వ్యాధి మాట. ఈ ఒక్క సంగతి తెలిసికొంటే మన ఇండ్లలో ఎన్నో కన్నీళ్లు తగ్గును.

ఇంటిలోనే ఉంచుకొన్నారు

ఆమెను పిచ్చాసుపత్రికి పంపుమని కేరీ గారికి సలహా ఇచ్చినవారున్నారు. ఆయన పంపలేదు. ఆ కాలములో అట్టి చోట్ల గొలుసులు, చీకటి గదులు తప్ప వైద్యము లేదు. ఇంటిలో కూడ మందు లేదు. అయినను ఇంటిలో తనవారని పిలుచుటకు మనుష్యులున్నారు. ఆయన నమ్ముకొన్నది అంతే.

ప్రక్క గదిలో భార్య కేకలు వేయుచుండగా ఆయన ఈ గదిలో బల్ల ముందు కూర్చుండి బెంగాలీ క్రొత్త నిబంధన తర్జుమా చేసేవారు. పగలు నీలిమందు కార్ఖానా లెక్కలు, రాత్రి తర్జుమా, నడుమ పిల్లలు, భార్య. దీనిని విని ఎంత ఓర్పు అని మెచ్చుకొనుట సులభము. కాని దానికి ఇల్లు చెల్లించిన వెల కూడ చెప్పవలెను. నలుగురు పిల్లలు తల్లి ఆలన లేక, తండ్రికి తీరిక లేక అదుపు తప్పి పెరిగారు. తండ్రి మెత్తనివాడని, వారిని దిద్దుట లేదని తరువాత వచ్చినవారు గమనించారు. కేరీ గారు కూడ ఆ సంవత్సరములలో ఎంతో ఒంటరితనము అనుభవించారు. ఇంటి సంగతి స్వదేశములోని తన అక్కచెల్లెండ్రకు వ్రాయుటకు 1795 అక్టోబరు దాకా ఆగారు. మన ఊరిలో ఇట్టి ఇండ్లవారు తలుపులు మూసుకొన్నట్లే ఆయన కూడ మూసుకొన్నారు.

సేరంపూరులో నలుగురి చేతులు

1800 జనవరి 10న కేరీ గారి కుటుంబము డెన్మార్కువారి ఏలుబడిలోనున్న సేరంపూరునకు మారినది. అక్కడ జాషువా మార్ష్‌మన్, హన్నా మార్ష్‌మన్ దంపతులును, అచ్చుపని తెలిసిన విలియం వార్డ్ గారును అంతకు కొద్దికాలము ముందే వచ్చియున్నారు. అందరును ఒకే ఆవరణములో నివసించి, ఒకే బల్ల వద్ద భోజనము చేసి, సంపాదన అంతయు ఒకే నిధిలో వేయుదమని ఏర్పాటు చేసికొన్నారు. మిషను చరిత్రకారులు దీనిని ముద్రణాలయము కొరకును, బడుల కొరకును గొప్పగా చెప్పుదురు. మేము మరొక కారణముచేత దీనిని గొప్పదని ఎంచుచున్నాము. ఐదేండ్లుగా ఒక్కడు మోసిన బరువుమీద అప్పుడు నలుగురి చేతులు పడినవి.

హన్నమ్మ గారు బోర్డింగు బడి నడుపుచునే కేరీ గారి పిల్లలను తన బిడ్డలతో సమానముగా చూచారు. వార్డ్ గారు ఫెలిక్స్‌ను చేరదీసి దారిలో పెట్టారు. 1801 నుండి కేరీ గారు ఫోర్ట్ విలియం కాలేజీలో బెంగాలీ బోధించుటకు వారములో కొన్ని దినములు కలకత్తాలో ఉండవలసి వచ్చినది. ఆ దినములలో డోరతమ్మను కనిపెట్టుటకు ఆవరణములో మనుష్యులున్నారు. ఆ కాలేజీ జీతమంతయు దాదాపు మిషను పనికే పోయినది.

1800 డిసెంబరు 28 సేరంపూరు చరిత్రలో పండుగ దినము. హుగ్లీ నదిలో కృష్ణపాల్ అను బెంగాలీ వడ్రంగికి, ఫెలిక్స్‌కు కేరీ గారు బాప్తిస్మము ఇచ్చారు. ఏడు సంవత్సరముల ప్రయాసకు అది మొదటి ఫలము. కాని ఆ దినమే ఆవరణములో ఒక ప్రక్క డోరతమ్మ, మరొక ప్రక్క మతి చెదిరిన జాన్ థామస్ గారు కేకలు వేయుచున్నారు. కృష్ణపాల్ కీలు తప్పిన చేతిని సరిచేసినవారు ఈ థామస్ గారే. ఆయనను కొంతకాలము కలకత్తాలో పిచ్చాసుపత్రిలో ఉంచారు. తేరుకొని, మరుసటి సంవత్సరము చనిపోయారు. ఒకే ఇంటిలో ఒకే దినమున సంతోషము, దుఃఖము కూర్చున్నవి. రోగిని పెట్టుకొని పెండ్లి చేసిన ఇల్లు, రోగిని పెట్టుకొని క్రిస్మసు చేసికొన్న ఇల్లు మనలో ఉంటే వారికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయినది. డోరతమ్మ స్థితి మారలేదు. 1807 డిసెంబరు 8న జ్వరముతో ఆమె కన్ను మూశారు. వయస్సు 51. పన్నెండు సంవత్సరముల తరువాత ఆ గది నిశ్శబ్దమయినది.

తరువాతి సంవత్సరములు

1808లో కేరీ గారు డెన్మార్కు స్త్రీ షార్లట్ రూమోర్ గారిని వివాహము చేసికొన్నారు. ఆమె శరీరబలము లేని మనిషి, కాని చదువుకొన్నది, ఆయన పనిలో సహాయము చేసినది. 1821 మే 30న ఆమె కూడ మరణించారు. ఆ తరువాత గ్రేస్ హ్యూస్ గారు ఆయనకు భార్య అయ్యారు. కేరీ గారు మంచము పట్టిన చివరి నెలలలో ఆయనను చూచుకొన్నది ఈమెయే. ఒకరిని చూచుకొన్నవారికి చూచుకొనువారు కావలసిన దినము వచ్చును గదా!

మన తెలుగువారికి ఆయన బాకీ ఉంచలేదు. 1812 మార్చి 11 రాత్రి ముద్రణాలయము తగులబడి, ఆయన తెలుగు వ్యాకరణము వ్రాతప్రతి, కన్నడ క్రొత్త నిబంధన తర్జుమా మొదలైనవి బూడిద అయినవి. ఆయన మరల కూర్చున్నారు. 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన సేరంపూరులో అచ్చయినవి. ఆ 1818లోనే సేరంపూరు కాలేజీ మొదలయినది. 1829 డిసెంబరులో సతీసహగమనమును నిషేధించిన ఆజ్ఞను బెంగాలీలోనికి తర్జుమా చేసినది కూడ కేరీ గారే. 1834 జూన్ 9న సేరంపూరులో మరణించారు. వయస్సు 72.

మనము నేర్చుకొనవలసినది

కేరీ గారు భార్యను విడువలేదు. ఇది మొదటి మాట. అయితే మతి చెదిరినవారిని ఒక్కడే మోయుట ఎంత కష్టమో మద్నాబతి చూపించినది, నలుగురు మోయుట ఎట్లు సాధ్యమో సేరంపూరు చూపించినది. ఇది రెండవ మాట, మేము ముఖ్యముగా చెప్పదలచినది.

కేరీ గారి కాలములో లేని సహాయము మనకు ఉన్నది. భారతదేశములో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమందికి మతిమరుపు వ్యాధి ఉన్నదని 2023లో ప్రకటించిన పరిశీలన తెలిపినది. గనుక ఇది ఒక ఇంటి శాపము కాదు, దయ్యము కాదు, పాపఫలము కాదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, మనోవ్యాకులత వంటి కారణములవలన కూడ మరుపు రావచ్చును. అవి మందుతో బాగుపడును. అందుచేత ముసలితనమే అని వదలక ముందు డాక్టరుకు చూపించవలెను. బెంగుళూరు నిమ్హాన్స్‌లో వృద్ధుల మానసిక వైద్యమునకు ప్రత్యేక విభాగమున్నది. 2022లో కర్ణాటక ప్రభుత్వమును నిమ్హాన్స్‌ను కలసి మెదడు ఆరోగ్య కార్యక్రమము మొదలుపెట్టినప్పుడు మొదట ఎంచుకొన్న చోట్లలో కోలారులోని ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆసుపత్రి ఒకటి. మానసిక సమస్యలకు 14416 అను ప్రభుత్వ ఫోను నంబరు ఉన్నది. గొలుసుతో కట్టుట 2017 చట్టము ప్రకారము నిషేధము.

ఇంటిలో చేయదగినవి కొన్ని. అనుమానము వచ్చినప్పుడు వాదించవద్దు, మాట మార్చండి. భోజనము, స్నానము, నిద్ర రోజు ఒకే వేళకు జరగనివ్వండి. రాత్రి చిన్న దీపము ఉంచండి. జేబులో పేరు, ఫోను నంబరు వ్రాసిన చీటి పెట్టండి. పొయ్యి, గ్యాసు దగ్గర ఒంటరిగా విడువవద్దు. అన్నిటికంటె ముఖ్యముగా, చూచుకొనువారు నిద్రపోవలెను, ఆరాధనకు రావలెను, నవ్వవలెను.

ఇక సంఘముగా మనము చేయదగినది. గనిలో పనిచేసినవారికి షిఫ్టు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మొదటి షిఫ్టువాడు పైకి వచ్చేవేళకు రెండవ షిఫ్టువాడు సిద్ధముగా ఉండేవాడు. మూడు షిఫ్టులు ఒక్కడే చేయుమని ఎవరును అడుగలేదు. అటువంటప్పుడు మన వీధిలో ఒక ముసలి అమ్మ గాని, అయ్య గాని రాత్రింబగళ్లు మూడు షిఫ్టులు ఒంటరిగా చేయుచుంటే మనము ఎట్లు ఊరకుందుము? వారమునకు రెండు గంటలు ఒక స్త్రీల సమాజపు సహోదరి వెళ్లి ఆ రోగి ప్రక్కన కూర్చున్నను చాలును. ఆ రెండు గంటలలో ఆ ఇంటివారు బజారుకు పోయి వత్తురు, లేదా కాసేపు కన్ను మూయుదురు. బెంగుళూరులోను, విదేశములలోను ఉన్న మన పిల్లలు డబ్బు పంపుటతో ఆగక, సెలవులలో ఒక వారము వచ్చి తామే ఆ షిఫ్టు చేయవలెనని మా మనవి.

మీ వీధిలో అట్టి ఇల్లు ఉన్నదేమో చూడండి. ఉన్నయెడల ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సరాసరి మీ ఇంటికి పోక, ముందు ఆ తలుపు తట్టండి.